మీటరు 12 చూపిస్తున్నా బండి ఎందుకు ఆగిపోతోంది?

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండి. మిగతావాళ్ళ కోసం ముందు నాలుగు ముక్కల్లో చెబుతాను. మండపేట దగ్గర పల్లెలో వీరి తాతగారి 1974 మోడల్ అంబాసిడర్ మార్క్ టూ, పెట్రోలు బండి ఉంది. పొద్దున్నే ఒక్క సెల్ఫుకే అందుకుంటుంది. పావుగంట, ఇరవై నిమిషాలు నడిచాక తాళం తీసేసినట్టు ఠక్కున ఆగిపోతుంది. కాసేపు చెట్టు కింద ఉంచితే మళ్ళీ ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. స్పార్కు పుట్టించే కాయిల్, పాయింట్ల దగ్గర మెరుపుని అణిచే కండెన్సర్, పాయింట్లు, ప్లగ్గులు అన్నీ కొత్తవి వేశారు. కాయిల్ దగ్గర మీటరు పెడితే 12 ఓల్టులు చూపిస్తోంది. "కరెంటు బాగానే వస్తోంది కదా, ఇక వైరింగ్ మొత్తం పీకి కొత్తది వేసేద్దాం" అంటున్నాడు మెకానిక్కు. వచ్చే నెలలో చెల్లెలి పెళ్ళి, పెళ్ళికొడుకుని ఊరేగించేది ఈ కారులోనే. అదీ టెన్షన్.

వైరింగ్ ఇప్పుడే పీకించకండి. పీకితే ఉన్న జబ్బు పోయినా పోకపోయినా, కొత్తవి నాలుగు వస్తాయి. పెళ్ళి ముందు అసలు వద్దు. తణుకులో ముప్పై ఎనిమిదేళ్ళు ఆటో ఎలక్ట్రికల్ షాపు నడిపాను. మీరు చెప్పిన జబ్బుతో వచ్చిన అంబాసిడర్లలో చాలావాటికి చివరికి ఖర్చయింది ఒక గరుకు కాగితం ముక్క, రెండు లగ్గులు (వైరు కొసకి బిగించే ముక్కలు), ఓ గంట ఓపిక.

ముందు ఆ 12 ఓల్టుల సంగతి. అసలు మోసమంతా అక్కడే ఉంది.

డిజిటల్ మీటరు దాదాపు కరెంటు తాగదు. వైరులో ముప్పై పోగులుంటే ఇరవై తొమ్మిది తెగిపోయి ఒక్కటే మిగిలినా దానికి చాలు, 12 అని చూపించేస్తుంది. పంట కాలవకి అడ్డంగా చెత్త పేరుకున్నా, తూము మూసి ఉన్నంతసేపు ఇవతల నీటిమట్టం నిండుగానే కనిపిస్తుంది కదా? తూము ఎత్తితేనే తెలుస్తుంది పారేది ఎంతో. ఇక్కడ తూము మీ డిస్ట్రిబ్యూటర్‌లోని (ప్లగ్గులకి స్పార్కు పంచే డబ్బాలోని) పాయింట్లు, అంటే ఇంజను తిరిగేకొద్దీ కలుస్తూ విడిపోతూ ఉండే స్విచ్చి. పాయింట్లు విడిపోయి ఉన్నప్పుడు కాయిల్లో కరెంటు పారదు, కాబట్టి మధ్యలో ఎంత చెడ్డ జాయింటు ఉన్నా మీటరు నిండు 12 చూపిస్తుంది. పాయింట్లు కలిసి ఉన్నప్పుడే అసలు లెక్క బయటపడుతుంది.

ఆ లెక్క చిన్నదే. మీ బండికి వేయాల్సిన మామూలు 12 ఓల్టుల కాయిల్ ప్రైమరీ (బ్యాటరీ కరెంటు పారే లోపలి చుట్ట) రెసిస్టెన్సు సుమారు 3 ఓములు. 12ని 3తో భాగిస్తే 4 ఆంపియర్లు. దారిలో ఒక జాయింటు చిలుము పట్టి 1 ఓము అడ్డం పడిందనుకోండి. మొత్తం 4 ఓములు, పారేది 3 ఆంపియర్లు. ఆ జాయింటు దగ్గరే 3 ఓల్టులు పోతాయి, కాయిల్‌కి అందేది 9. కాయిల్లో నిలవయ్యే శక్తి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి స్పార్కు బలం సగానికి కాస్త పైన మిగులుతుంది. సెల్ఫు కొట్టేటప్పుడు బ్యాటరీయే 10కి దిగుతుంది, అప్పుడు కాయిల్‌కి ఏడున్నర. ఇంజను చల్లగా, గాలి పొడిగా ఉంటే దాంతో కూడా నెట్టుకొస్తుంది.

పావుగంట సంగతి కూడా ఇందులోనే ఉంది. 1 ఓము అడ్డంలో 3 ఆంపియర్లు పారితే 9 వాట్ల వేడి. పాయింట్లు మూడింట రెండొంతుల సేపే కలిసి ఉంటాయి కాబట్టి సగటున 6 వాట్లు అనుకోండి. వేలి గోరంత ఇత్తడి ముక్కలో, రబ్బరు తొడుగు లోపల, అసలే కాలుతున్న బానెట్ కింద అంత వేడి చాలా ఎక్కువ. ఇత్తడి వ్యాకోచిస్తుంది, పట్టు వదులవుతుంది, అడ్డం ఇంకా పెరుగుతుంది, ఇంకా వేడెక్కుతుంది, చివరికి తెగుతుంది. చల్లారాక మళ్ళీ అతుక్కుంటుంది. బయటినుంచి చూసేవాడికి మాత్రం "కాయిల్ వేడెక్కి పోతోంది" అనిపిస్తుంది. అందుకే అందరూ మొదట కాయిల్ మీద పడతారు. నేనూ పడ్డాను, ఆ కథ తర్వాత చెబుతాను.

మీటరు పక్కన పెట్టి ఒక టెస్టు లైటు చేసుకోండి. ఇండికేటర్‌లో వేసే 21 వాట్ల బల్బు ఒకటి, హోల్డరు, రెండు పొడుగు వైర్లు, కొసలకి క్లిప్పులు. నూట యాభై రూపాయల్లో అయిపోతుంది. ఈ బల్బు ఒకటిముప్పావు ఆంపియర్ తాగుతుంది కాబట్టి చెడ్డ జాయింటు గుండా వెలిగితే గుడ్డిగా వెలుగుతుంది, అబద్ధం చెప్పదు. ఒక క్లిప్పు కాయిల్ ఎస్‌డబ్ల్యూ స్క్రూకి, అంటే తాళం నుంచి తెల్ల వైరు వచ్చే చోట, రెండోది బాడీ ఎర్త్‌కి పెట్టండి. వైర్లు బానెట్ సందులోంచి లోపలికి తెచ్చి బల్బుని డాష్‌బోర్డు మీద టేపుతో అంటించండి. ఫ్యాను రెక్కలకి, సైలెన్సర్ గొట్టానికి తగలకుండా చూసుకోండి. ఇక బండి తీసుకుని రామచంద్రపురం దాకా వెళ్ళండి. ఆగిపోతే మంచిదే, అందుకోసమే వెళ్తున్నారు.

ఇలాంటి జబ్బుని షెడ్డులో చల్లగా ఉన్న బండిలో వెతికితే దొరకదండి. జ్వరం ఉన్నప్పుడే థర్మామీటరు పెట్టాలి. ఆగిన వెంటనే, తాళం తీయకుండా, సీటులోంచి కదలకుండా మూడు చూడండి: డాష్‌బోర్డు మీద మీరు అంటించిన బల్బు, చార్జింగు ఎర్ర లైటు, పెట్రోలు ముల్లు.

ఈ మూడూ ఎందుకంటే, ఈ బండి వైరింగ్ లూకాస్ అనే బ్రిటిష్ కంపెనీ పాత పద్ధతిలోది. బ్యాటరీ నుంచి సెల్ఫు సొలెనాయిడ్, అక్కడినుంచి బ్రౌన్ వైరు మన వాళ్ళు కటౌట్ అనే కంట్రోల్ బాక్సుకి, ఆపైన తాళానికి. తాళం తిప్పితే తెల్ల వైరులోకి కరెంటు వస్తుంది. ఆ తెల్ల వైరు ఒక పక్క ఫ్యూజు లేకుండా నేరుగా కాయిల్‌కి వెళ్తుంది. ఇంకో పక్క ఏ3 అనే ఫ్యూజు కొసకి వెళ్ళి, ఏ4లోంచి ఆకుపచ్చ వైరుగా బయటికొచ్చి పెట్రోలు ముల్లు, వైపరు, బ్రేకు లైట్లకి పోతుంది. చార్జింగు ఎర్ర లైటుకి కూడా తెల్ల వైరే దిక్కు. కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్ళేది నల్ల గీత ఉన్న తెల్ల వైరు. ఎర్త్‌లన్నీ నల్లవి. యాభై ఏళ్ళలో ఎవరెవరు ఏ రంగు వైరు దొరికితే అది వేశారో తెలియదు కాబట్టి రంగుని నమ్మి వైరు కత్తిరించకండి. ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్తోందో చేత్తో పట్టుకుని చూడండి.

ఇంజను ఆగినా తాళం ఆన్‌లోనే ఉంటే ఎర్ర లైటు వెలగాలి. మీ బల్బు ఆరిపోయి, ఎర్ర లైటూ వెలగక, పెట్రోలు ముల్లు కూడా పడిపోయిందంటే జబ్బు పైనుంచే ఉంది: బ్యాటరీ నుంచి తాళం దాకా బ్రౌన్ వైరు, లేదా తాళం. ఎర్ర లైటు, ముల్లు బాగుండి మీ బల్బు ఒక్కటే ఆరితే తాళానికి, కాయిల్‌కి మధ్య తెల్ల వైరులో ఏదో జాయింటు. మూడూ బాగుంటే జబ్బు కాయిల్ దగ్గరో, అక్కడినుంచి కిందో. బానెట్ ఎత్తకుండానే బండిని మూడు ముక్కలు చేసి ఏ ముక్కలో ఉందో తెలుసుకున్నట్టు. ముప్పై ఎనిమిదేళ్ళలో నాకు బాగా అన్నం పెట్టిన కిటుకు ఇదే.

ఒకవేళ బండి ఠక్కున కాక, ఒకటి రెండుసార్లు దగ్గి, గుంజి గుంజి ఆగుతోందంటే అది కరెంటు కాదు, పెట్రోలు. మే నెల ఎండల్లో ఇంజను వేడికి పంపులో పెట్రోలు ఆవిరై గాలి అడ్డుకుంటుంది. పాత డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ వేసుకుని తిరిగేవాళ్ళు అందుకే. మీరు తాళం తీసేసినట్టు ఆగుతోంది అన్నారు కాబట్టి నేను కరెంటు మీదే నిలబడుతున్నాను.

ఇప్పుడు పైనుంచి వచ్చే దారి. మన గోదావరి డెల్టాలో నూటికి డెబ్భై పాళ్ళు నా అనుమానం ఇక్కడే (ఈ డెబ్భై పుస్తకంలోది కాదు, నా చేతిది). మన నేల తడి, గాలి తడి. మార్గశిరం, పుష్యంలో తెల్లారేసరికి బానెట్ మీంచి మంచు నీళ్ళు కారుతుంటాయి. అంతర్వేది, ఓడలరేవు వైపైతే ఉప్పుగాలి. భీమవరం, ఆకివీడు పక్కన రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగిన బళ్ళు విప్పితే రాగి కనిపించదు, పచ్చటి పిండి కనిపిస్తుంది. హైదరాబాదు మెట్టలో ఇరవై ఏళ్ళు ఉండే జాయింటు మన దగ్గర ఏడెనిమిదేళ్ళకే చిలుము పడుతుంది. 1986 ఆగస్టు వరదలో నీళ్ళలో నిలబడ్డ బళ్ళు చాలా ఏళ్ళపాటు నా షాపుకి వస్తూనే ఉండేవి. పైకి తొడుగు నిగనిగలాడుతూ ఉంటుంది, కోసి చూస్తే జానెడు లోపలిదాకా రాగి బొగ్గులా నల్లబడి ఉంటుంది. అలాంటి చోట లగ్గు మార్చి లాభం లేదు. మెరిసే రాగి వచ్చేదాకా వెనక్కి కోసుకుంటూ వెళ్ళాలి.

బ్రౌన్, తెల్ల వైర్ల మధ్య నల్ల రబ్బరు తొడుగుల్లో బుల్లెట్ కనెక్టర్లుంటాయి. ఇత్తడి తూటా ఒక పక్కనుంచి, ఇంకోటి ఇంకో పక్కనుంచి దూరతాయి. కారు వేడిగా ఉన్నప్పుడు ఒక్కోదాన్ని వేలితో తాకి చూడండి. పక్కవాటికన్నా వేడిగా ఏది తగిలితే అదే దొంగ. కటౌట్ మీద స్క్రూలు కూడా అంతే. రబ్బరు మెత్తబడి జిగురుగా ఉన్నా, వైరు తొడుగు కొస గోధుమరంగుకి మాడి ఉన్నా ఇంకేం చూడక్కర్లేదు.

చేత్తో తెలియకపోతే మీటరుతో చూసే పద్ధతి ఒకటుంది. ఈసారి మీటరు సరిగ్గా వాడదాం. పాయింట్లు కలిసి ఉండేట్టు ఇంజను నిలపండి. అంబాసిడర్‌కి హ్యాండిల్ ఉంది కదా, దాంతో మెల్లిగా తిప్పవచ్చు. కాయిల్ మధ్య లావు వైరు డిస్ట్రిబ్యూటర్ క్యాప్‌లోంచి పీకి ఇంజనుకి ఎర్త్ చేసిపెట్టండి, లేకపోతే తాళం ఆన్‌లో ఉండగా హ్యాండిల్ తిప్పితే ఎదురు తన్ని చెయ్యి విరుగుతుంది. తాళం ఆన్ చేసి, మీటరు ఒక కొస బ్యాటరీ టెర్మినల్స్‌లో బాడీకి కట్టనిదాని మీద, రెండోది కాయిల్ ఎస్‌డబ్ల్యూ మీద పెట్టండి. చూపించేది ఆ రెండింటి మధ్య దారిలో పోతున్న ఓల్టులు. అర ఓల్టు లోపు ఉంటే దారి బాగుంది. 1 దాటితే జాయింట్లు శుభ్రం చేయాలి, 2, 3 ఉంటే మీ జబ్బు దొరికినట్టే. బ్యాటరీ మీద కొస అలాగే ఉంచి, రెండో కొసని కాయిల్ నుంచి వెనక్కి ఒక్కో జాయింటుకీ జరుపుకుంటూ రండి. ఎక్కడ అంకె ఒక్కసారిగా పడిపోతుందో ఆ జాయింటే. ఈ పని నిమిషాల్లో ముగించి తాళం తీసేయండి. పాయింట్లు కలిసి ఉండగా తాళం ఆన్‌లో వదిలేస్తే కాయిల్ కాలుతుంది.

ఆ కాలం బళ్ళలో కొన్నిటికి బ్యాటరీ పాజిటివ్‌ని బాడీకి కట్టేవాళ్ళు. మీది ఎలా ఉందో ముందు చూసుకోండి. మీటరుకి ముందు మైనస్ గుర్తు వచ్చినా కంగారుపడకండి, అంకె చూడండి చాలు.

తాళం స్విచ్చి మీద అనుమానం వస్తే తాళపుచెవిని అటూ ఇటూ కాస్త ఆడించండి. ఎర్ర లైటు మినుకుమంటే స్విచ్చి లోపలి పలక అరిగింది. మన ఇళ్ళల్లో కారు తాళానికి గాదె తాళం, బీరువా తాళం, ఇత్తడి వెంకన్న బొమ్మ అన్నీ కలిపి గుత్తిగా వేలాడదీస్తారు. ఆ బరువుకి ఏళ్ళ తరబడి ఊగి ఊగి స్విచ్చి పోతుంది. గుత్తి తీసేసి ఒక్క తాళంతో రెండు రోజులు నడపండి. నవ్వకండి, దీనికే బాగుపడిన బళ్ళున్నాయి.

జబ్బు పైనుంచేనని ఖాయం చేసుకోవడానికి అడ్డదారి ఒకటి. బండి ఆగిన చోటే, మధ్యలో 10 ఆంపియర్ల ఫ్యూజు పెట్టిన ఒక పొడుగు వైరుతో బ్యాటరీ నుంచి నేరుగా కాయిల్ ఎస్‌డబ్ల్యూకి కరెంటు ఇవ్వండి. సెల్ఫు కొడితే వెంటనే అందుకుని, ఇంటిదాకా ఆగకుండా వస్తే ఇక కాయిల్, కండెన్సర్ జోలికి వెళ్ళకండి. గుర్తుంచుకోండి, ఈ వైరు ఉండగా తాళం తీసినా ఇంజను ఆగదు. వైరు పీకితేనే ఆగుతుంది.

ఇక రెండో సంగతి: మూడు గుర్తులూ బాగున్నా బండి ఆగిందనుకోండి. ఇక్కడే నా కథ.

1990ల్లో మాట. సఖినేటిపల్లి రేవులో పంటు (బళ్ళని గోదావరి దాటించే పడవ) దిగుతూ ఒక ట్యాక్సీ అంబాసిడర్ ఆగిపోయింది. లోపల నిశ్చితార్థానికి వెళ్తున్నవాళ్ళు, వెనక పంటు మీద రెండు ట్రాక్టర్లు, ఒక లారీ. రేవులో జనమంతా కలిసి నెట్టి గట్టెక్కించారు. ఓనరు నా దగ్గరికి తెచ్చాడు. కాయిల్ మార్చాను, రెండు రోజులు బాగా తిరిగి మళ్ళీ ఆగింది. ఇంకో కాయిల్. కండెన్సర్. మూడో కాయిల్ వేసిన రోజు ఓనరు ఏమీ అనలేదు గానీ, టీ తాగుతూ "మీరు నేర్చుకోవడానికి నా బండి పనికొస్తోందండి, సంతోషం" అన్నాడు. ఆయ్, గోదావరి మర్యాద అలాగే ఉంటుంది. ఆ రాత్రి డిస్ట్రిబ్యూటర్ బల్ల మీద పెట్టి పూర్తిగా విప్పాను. లోపల పాయింట్లు కూర్చునే పలక ఉంటుంది కదా, ఇంజను పీల్పుతో పనిచేసే వాక్యూమ్ డబ్బా లాగినప్పుడల్లా అది అటూ ఇటూ తిరుగుతుంది. ఆ పలకకి ఎర్త్ ఇవ్వడానికి బొటనవేలంత పొడుగున్న మెత్తటి వైరు ఒకటి ఉంటుంది. దాని తొడుగు బాగానే ఉంది. లోపల రాగి పోగులన్నీ తెగిపోయి ఉన్నాయి. నిలబడి ఉన్నప్పుడు కొసలు ఒకదానికొకటి ఆని ఉంటాయి. యాక్సిలరేటర్ నొక్కి వదిలితే పలక తిరిగి విడిపోతాయి. పంటు దిగేటప్పుడు సరిగ్గా అదే జరిగింది. మూడు కాయిళ్ళు తిరిగి తీసుకుని, వైరు డబ్బులు కూడా అడగలేదు నేను.

కాబట్టి క్యాప్ తీసి ఆ చిన్న ఎర్త్ వైరుని, బయటి టెర్మినల్ నుంచి పాయింట్లకి వచ్చే ఇంకో చిన్న వైరుని పట్టకారుతో మెల్లిగా లాగి చూడండి. రబ్బరులా సాగితే లోపల తెగినట్టే. దాని బదులు ఇళ్ళల్లో వాడే ఒంటి తీగ వైరు వేయకండి, నెల రోజుల్లో విరుగుతుంది. సన్నటి పోగులు చాలా ఉన్న మెత్తటి వైరే కావాలి.

దీనికీ మీటరు పరీక్ష ఉంది. కాయిల్ సీబీ స్క్రూ దగ్గర, అంటే డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్ళే వైపు, బాడీకి మధ్య చూడండి. తాళం ఆన్, పాయింట్లు కలిసి ఉంటే దాదాపు సున్నా, 0.2 దాకా పర్వాలేదు. పాయింట్లు విడిపోతే 12. హ్యాండిల్ తిప్పుతుంటే ఈ రెండింటి మధ్య ఊగాలి. ఎప్పుడూ 12 ఉంటే పాయింట్ల దగ్గర ఎర్త్ అందడం లేదు: పాయింట్ల మీద నూనె మరక, తెగిన చిన్న వైరు, లేదా పాయింట్లు కలవడమే లేదు. ఎస్‌డబ్ల్యూ దగ్గర 12 ఉండి సీబీ దగ్గర ఎప్పుడూ సున్నాయే ఉంటే పాయింట్ల స్ప్రింగు కింద ఫైబర్ వాషర్లు తారుమారుగా వేశారు, లేదా కండెన్సర్ షార్టయింది, లేదా ఆ చిన్న వైరు బాడీకి రాసుకుంటోంది. కాయిల్ లోపల తీగ తెగినా ఇలాగే సున్నా వస్తుంది, కాబట్టి సీబీ వైరు విప్పేసి మళ్ళీ చూడండి. కాయిల్ మంచిదైతే 12 వస్తుంది. కొత్త పాయింట్లు వేసిన మర్నాడే బండి మొండికేస్తే నేను మొదట చూసేది ఆ వాషర్లే.

కొత్త పాయింట్ల మీద తుప్పు పట్టకుండా కంపెనీలు నూనె పూత వేస్తాయి. పెట్రోలులో ముంచిన గుడ్డతో తుడిచాకే బిగించాలి. సందు 15 థౌ (అంగుళంలో వెయ్యోవంతులు), అంటే మిల్లీమీటరులో సుమారు 0.38. ఫీలర్ గేజి (సందు కొలిచే పలచటి రేకులు) లేకపోతే పెళ్ళి కార్డు అట్టతో పెట్టేవాళ్ళున్నారు. ఇంటికి చేరడానికి పనికొస్తుంది, తర్వాత గేజితో సరిచూసుకోండి. ప్లగ్గు సందు 25 థౌ. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2, రోటర్ (క్యాప్ లోపల తిరుగుతూ స్పార్కుని ఒక్కో ప్లగ్గు వైరుకి అందించే ముక్క) అపసవ్యంగా తిరుగుతుంది. క్యాప్ వైర్లు పీకేముందు ఒక ఫోటో తీసుకోండి, మా రోజుల్లో సుద్దముక్కతో గీసుకునేవాళ్ళం.

మీ కొత్త కాయిల్ మీద ఒక అనుమానం కూడా ఉందండి. బజార్లో 3 ఓముల కాయిల్, ఒకటిన్నర ఓముల కాయిల్ రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఒకటిన్నర ఓములది బ్యాలస్ట్ రెసిస్టర్ (కాయిల్‌కి ముందు కరెంటు తగ్గించే అడ్డం) ఉన్న బళ్ళకి. దాన్ని మీ బండికి నేరుగా కడితే రెట్టింపు కరెంటు తాగుతుంది, ముట్టుకోలేనంత కాలుతుంది, పాయింట్లు నల్లబడి గుంటలు పడతాయి, ఏ జాయింటు కాస్త బలహీనంగా ఉన్నా దాన్ని కాల్చేస్తుంది. పాత జబ్బుకి మందు వేయబోయి కొత్త జబ్బు తెచ్చుకున్నట్టు. వైర్లు రెండూ విప్పి, ఎస్‌డబ్ల్యూ, సీబీ మధ్య ఓములు కొలవండి. 3కి అటూ ఇటూ ఉంటే సరే. ఒకటిన్నర ఉంటే షాపులో ఇచ్చేసి మార్చుకోండి. పాత కాయిల్ పారేయకపోయి ఉంటే దాన్నీ కొలవండి, చాలామటుకు అది బాగానే ఉండి ఉంటుంది.

కొత్త కండెన్సర్ అయినా గుడ్డిగా నమ్మకండి. వేడెక్కితే చచ్చిపోయే కొత్తవి ఈ మధ్య ఎక్కువయ్యాయి. పాయింట్ల మధ్య నీలంగా చిటపటలాడుతూ పెద్ద మెరుపు వస్తుంటే దాని పని అయిపోయింది. బండి ఆగిన చోటే పాతది విప్పేసి ఇంకోటి పెట్టి చూడటమే సులువైన పరీక్ష.

లావు వైర్ల వైపు, అంటే క్యాప్, రోటర్, ప్లగ్గు వైర్లు, మీ జబ్బుకి వాటిని చివర్లో చూస్తే చాలు. అవి పోతే బండి ఠక్కున ఆగదు, మిస్సింగు కొడుతుంది, మంచులో అసలు అందుకోదు. చీకట్లో బానెట్ ఎత్తి ఇంజను నడుపుతూ చూడండి. క్యాప్ మీద నీలపు జెర్రిలా మెరుపు పాకుతుంటే క్యాప్ మార్చాల్సిందే, సబ్బుతో కడిగినా నాలుగు రోజులే. రోటర్ మాత్రం ఒక్కోసారి వేడెక్కాక లోపల షాఫ్టుకి షార్టయి బండిని పూర్తిగా ఆపేస్తుంది. క్యాప్ తీసి, కాయిల్ లావు వైరు కొసని మందపాటి రబ్బరు తొడుగున్న పట్టకారుతో రోటర్ ఇత్తడికి కాస్త ఎడంగా పట్టుకుని ఇంకొకరిని సెల్ఫు కొట్టమనండి. మెరుపు రోటర్ మీదికి దూకితే రోటర్ పోయినట్టు. దూకకపోతే మంచిదే. దగ్గర్లో పెట్రోలు చెమ్మ లేకుండా చూసుకోండి.

గేరుబాక్సు నుంచి ఛాసీకి అల్లిన ఎర్త్ పట్టీ ఉందో లేదో వంగి చూడండి. క్లచ్ పని చేసినవాళ్ళు తిరిగి బిగించడం మరిచిపోతారు. సెల్ఫు కొట్టగానే చోకు తీగ వేడెక్కుతుంటే ఆ పట్టీ లేదని అర్థం, సెల్ఫు కరెంటంతా పాపం ఆ తీగలోంచే వెళ్తోంది. ఎలుకల సంగతి కూడా చెప్పాలి. బండి ధాన్యం బస్తాల పక్కన షెడ్డులో ఉంటుందని రాశారు. డాష్‌బోర్డు వెనక టార్చి వేసి చూడండి. తెల్ల వైరుకి ఫ్యూజు లేదని పైన చెప్పాను, ఎలుక కొరికిన చోట అది బాడీకి తగిలితే కారే తగలబడుతుంది. అలాగే ఫ్యూజులకి సిగరెట్ పెట్టె వెండి కాగితం చుట్టి ఉంటే ఇవాళే తీసేయండి.

జాయింటు దొరికాక బాగుచేయడం పెద్ద పనేం కాదు. ఇత్తడిని సన్నటి గరుకు కాగితంతో బంగారంలా మెరిసేదాకా రుద్దండి, వైరు మెరిసే రాగిదాకా కోయండి, రెసిన్ ఉన్న సీసంతో సోల్డర్ చేయండి. ఆసిడ్ ఫ్లక్సు వద్దు, ఆరు నెలల్లో మళ్ళీ పచ్చబడుతుంది. బిగించాక పైన వ్యాసలైన్ పూయండి. కోనసీమలో కొబ్బరినూనె రాసే అలవాటుంది, చీమలు పడతాయి తప్ప లాభం లేదు. బ్యాటరీ కొసల మీద తెల్లటి పొక్కుంటే వేడినీళ్ళలో వంటసోడా కలిపి కడిగేయండి.

టెస్టు లైటు కట్టుకుని ఒక్కసారి తిరిగొచ్చి, ఆగినప్పుడు బల్బు, ఎర్ర లైటు, ముల్లు ఎలా ఉన్నాయో, బ్యాటరీకి కాయిల్‌కి మధ్య ఎన్ని ఓల్టులు పోతున్నాయో, కాయిల్ ఎన్ని ఓములో ఇక్కడ రాయండి. మిగతాది అప్పుడు చూద్దాం. పెళ్ళి రోజుకి ఎలా ఉన్నా సరే, ఫ్యూజు వేసిన ఆ పొడుగు వైరు, పాత కాయిల్, ఒక కండెన్సర్, స్క్రూడ్రైవర్ డిక్కీలో పెట్టుకోండి. వైరు ఎక్కడ తగిలించాలో డ్రైవర్‌కి ముందురోజే ఒకసారి చూపించండి. ఊరేగింపులో బండి నడక వేగంతోనే వెళ్తుంది, ఇంజను బాగా వేడెక్కుతుంది, డైనమో సరిగ్గా చార్జి చేయదు. పూల లైట్లు, మైకు ఈ బ్యాటరీ మీద కట్టనివ్వకండి.